డిటెక్టర్ అయితే కొన్నా, నల్లగొండ చుట్టుపక్కల ఎక్కడ తిప్పుకోవచ్చు?

మూసీ_గట్టు:

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో, శని ఆదివారాలు ఇంటికి వస్తుంటా. ఆఫీసులో ఒకతను ఇల్లు ఖాళీ చేస్తూ తన మెటల్ డిటెక్టర్ అమ్మేస్తుంటే సగం ధరకు తీసుకున్నా. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పొలాల్లో తిరుగుతూ పాత నాణేలు తీస్తుంటే గంటల తరబడి చూస్తా, ఆ పిచ్చి నాకూ పట్టింది.

ఇప్పుడు నా సందేహం ఏంటంటే, మన దగ్గర సర్కారు భూముల్లో దీన్ని తిప్పడానికి చట్టం ఒప్పుకునే జాగాలు ఏమైనా ఉన్నాయా? నేను అనుకున్నవి ఇవీ: ఎండాకాలం ఎండిపోయిన చెరువు శిఖం (నీళ్లు నిలిచే అడుగు భూమి), వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట ఒడ్డు, వారం వారం సంత జరిగే మైదానం, జాతర అయిపోయాక చెర్వుగట్టు గుడి గుట్ట కింద ఖాళీ జాగా, మా ఊరి హైస్కూల్ గ్రౌండ్. బంగారం బిందెల మీద ఆశ లేదు (నవ్వకండి), నిజాం కాలం చార్మినార్ రూపాయి ఒక్కటి దొరికితే చాలు. పర్మిషన్ కావాలంటే ఎవరిని అడగాలి, తహసీల్దార్‌నా, సర్పంచ్‌నా, పోలీసులనా? తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే వెళ్లి కేసుల్లో ఇరుక్కోవాలని లేదు.

దేవరకొండ_బుల్లెట్:

తమ్మీ, చట్టం సంగతి పెద్దలు చెప్తారు, నేను జనం సంగతి చెప్తా. మన దిక్కు మిషన్ పట్టుకుని గుట్టల పక్కన తిరిగేవాడికి ఒకటే పేరు, గుప్తనిధుల బ్యాచ్. పాడుబడ్డ గుడిలో నందిని పెకిలించి కింద తవ్వేసిన గుంత, పక్కన నిమ్మకాయలు, పసుపు కుంకుమ, కోడి ఈకలు... ఇవి చూసి చూసి ఊళ్లు విసిగిపోయి ఉన్నాయి. మా మండలంలో రోడ్డు సర్వేకు వచ్చిన పోరగాళ్లు గుట్ట మొదట్లో స్టాండ్ పెట్టుకుని నిలబడ్డందుకే బండి తాళాలు గుంజుకున్నారు. సర్పంచ్ వచ్చి వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే వదిలారు. వాళ్ల దగ్గర ఐడీ కార్డులన్నా ఉన్నాయి, నీ దగ్గర ఏముంది, యూట్యూబా?

చీకటి పడ్డాక మాత్రం అస్సలు బయటికి తీయకు. అమావాస్య రోజైతే మిషన్‌ను ఇంట్లో నుంచి కదిలించకు.

పహాణీ_పాతకాపు:

రెవెన్యూలో చాలా ఏళ్లు చేసి రిటైర్ అయినవాణ్ణి, పాలమూరు. బాబూ, ముందు అసలు సంగతి వినండి. "ఇక్కడ హాబీగా డిటెక్టర్ తిప్పుకోవచ్చు" అని రాసిపెట్టిన సర్కారు భూమి మన దగ్గర లేదు, ఆ లిస్టు కోసం వెతికి టైం పాడుచేసుకోకండి. అలాగని మిషన్ ఇంట్లో ఉండడం నేరమూ కాదు. దాన్ని ఎవరి భూమిలో, దేనికోసం తిప్పుతున్నారు, తర్వాత పలుగు పట్టుకుని ఏం చేస్తున్నారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

సర్కారు భూమి అని మనం ఒక్క మాటలో అంటాం గానీ దానికి పదిమంది యజమానులు. శిఖం అంటే రెవెన్యూ, ఇరిగేషన్ ఇద్దరి కన్నూ ఉంటుంది. చెర్వుగట్టు లాంటి చోట గుడి భూమి దేవాదాయ శాఖ చేతిలో ఉంటుంది, అక్కడ గుడి ఈవో (కార్యనిర్వహణ అధికారి) ఒప్పుకోకుండా గడ్డపార దించితే దొంగతనం కిందే చూస్తారు. సంత జాగా పంచాయతీదో మున్సిపాలిటీదో అయి ఉంటుంది. స్కూల్ గ్రౌండ్‌కు హెడ్‌మాస్టర్ ఉన్నాడు. లావుణి పట్టా భూములు, అంటే సర్కారు పేదలకు సాగుకు ఇచ్చినవి, పేరుకు సర్కారువే అయినా అక్కడ ఒక రైతు నాగలి నడుస్తుంటుంది, ఆయన్ని అడగకుండా కాలు పెట్టడం పద్ధతి కాదు. ఇక అడవి జోలికి అసలు వెళ్లొద్దు. రిజర్వు ఫారెస్టులో తవ్వితే అటవీ చట్టం కింద కేసు. దేవరకొండ, చందంపేట అవతల నుంచి మన్ననూరు, దోమలపెంట దాకా ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వు, అక్కడ పర్మిషన్ లేకుండా లోపల అడుగుపెట్టడమే నేరం, మిషన్ సంగతి తర్వాత.

భూమి సంగతి అలా ఉంచి, దొరికిన వస్తువు సంగతికి వద్దాం. దీనికి 1878 నాటి చట్టం ఉంది, ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్. మట్టిలో దాగి ఉన్న ఏ విలువైన వస్తువైనా అందులో నిధి కిందికే వస్తుంది. విలువ పది రూపాయలు దాటితే చాలు, ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అని కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. వస్తువును దగ్గరలోని ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని పూచీకత్తు ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మూసీ_గట్టు:

సార్, చాలా థ్యాంక్స్. కానీ పది రూపాయలా? ఇప్పుడు చాయ్ కూడా రాదు కదా పది రూపాయలకు. అంటే నాకు ఒక వెండి రూపాయి దొరికినా కలెక్టరేట్‌కు వెళ్లాలా?

పహాణీ_పాతకాపు:

చట్టం ప్రకారం అంతే. 1878లో పది రూపాయలంటే చిన్న మొత్తం కాదు, ఆ అంకె మార్చాలని ఎవరికీ తోచలేదు, అలాగే ఉండిపోయింది. చార్మినార్ రూపాయిలో ఉన్న వెండి విలువ ఒక్కటే చూసినా పది రూపాయలు ఎప్పుడో దాటేసింది.

తెలియజేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే "చెప్తే అంతా సర్కారే లాక్కుంటుంది" అన్న భయంతోనే జనం దాస్తారు. కలెక్టర్ ఒక నోటిఫికేషన్ ఇస్తారు, ఆ వస్తువు మాదే అనేవాళ్లు ఎవరైనా ఉంటే రమ్మని. ప్రకటన వచ్చిన నాలుగు నెలలకు ముందు కాకుండా, ఆరు నెలలు దాటకుండా ఒక తేదీ పెట్టి విచారణ చేస్తారు. ఎవరో వందేళ్ల లోపల దాచిపెట్టారని తేలితే దారి వేరు. యజమాని లేని నిధి అని తేలి, భూమి సొంతదారు కూడా తన వాటా అడిగితే, వాళ్లిద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి అతనికి ఒక వంతు. సర్కారు కావాలనుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇచ్చి తానే తీసుకోవచ్చు. చదవడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ మూడు వంతులు మామూలుగా బావి తవ్వుతూనో పునాది తీస్తూనో కంటపడిన వస్తువు సంగతి. సర్కారు జాగాలో అడగకుండా వెతికి వెతికి తవ్వినవాడు నాలుగింట మూడు వంతులు ఇవ్వండి అని కలెక్టర్ ముందు నిలబడితే మొదట అడిగేది "నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు" అనే.

2021లో జనగామ దగ్గర పెంబర్తిలో వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే రాగి బిందెలో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి, గుర్తుందా? సొంత భూమే, అయినా అధికారులు వచ్చి పంచనామా చేసి తీసుకెళ్లారు.

ఇంకొకటి. పైపైన పడిపోయిన ఉంగరమో గొలుసో దొరికితే అది నిధి కాదు, ఎవరో పోగొట్టుకున్న వస్తువు. సొంతదారును వెతికే ప్రయత్నం చేయకుండా జేబులో వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314 సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 403. జాతర జాగాలో మీకు దొరికేవి ఎక్కువగా ఇలాంటివే, అది గుర్తుపెట్టుకోండి.

పాటిగడ్డ_మాస్టారు:

సోషల్ టీచర్‌ని, సూర్యాపేట వైపు. పైన పెద్దాయన చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను నా బాధ చెప్తాను.

మన ఊళ్లలో "పాటిగడ్డ" అని ఒక దిబ్బ ఉంటుంది కదా, ఎప్పుడో ఊరు ఉండి ఖాళీ అయిపోయిన చోటు. వాన పడ్డ మర్నాడు వెళ్తే కుండ పెంకులు, శంఖం గాజు ముక్కలు, పూసలు పైకి తేలి ఉంటాయి. డిటెక్టర్ కొన్న ప్రతివాడికీ మొదట గుర్తొచ్చేది ఆ దిబ్బే. దయచేసి అక్కడికి వెళ్లకండి. చాలావాటికి బోర్డు ఉండదు, రక్షిత స్థలాల లిస్టులో పేరూ ఉండదు. అంతమాత్రాన ఎవరైనా తవ్వుకోవచ్చని కాదు. రక్షిత స్థలం కాని చోట పురావస్తు తవ్వకం చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం కూడా కేంద్రం ముందస్తు ఆమోదం తీసుకోవాలని 1958 చట్టంలో ఉంది. రాష్ట్రానికే ఆ నిబంధన ఉంటే మన పరిస్థితి మీరే ఆలోచించుకోండి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ అయితే వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇవి కాక రాష్ట్రానికి 2017 నాటి హెరిటేజ్ చట్టం వేరే ఉంది.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, పాత బౌద్ధ క్షేత్రం ఫణిగిరి మాకు దగ్గర. 2024లో హెరిటేజ్ శాఖ వాళ్లు అక్కడ తవ్వుతుంటే రెండడుగుల లోతులో ఒక చిన్న మట్టికుండ దొరికింది, అందులో 3,730 సీసపు నాణేలు. ఒక్కోటి రెండు గ్రాముల పైచిలుకు ఉంటుంది, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (కూడలి గీతల చివర్న నాలుగు సున్నాలు), క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల ఇక్ష్వాకు రాజుల కాలం. సీసానికి బజార్లో ఏం ధర వస్తుంది చెప్పండి? తూకానికి అమ్మితే ఏమీ రాదు. దాని విలువంతా ఆ కుండ ఏ పొరలో ఉంది, దాని మీద ఏం మూసి ఉంది, పక్క గదిలో ఏం దొరికింది అన్న వివరాల్లోనే ఉంది. అదే కుండ ఒక రాత్రి డిటెక్టర్ బ్యాచ్‌కు దొరికి ఉంటే, బంగారం కాదని తెలిశాక సగం అక్కడే పారబోసి, సగం పాత ఇనుప సామానోడికి వేసేవాళ్లు.

మీరు అడిగిన వాడపల్లి కూడా అంతే. సంగమం, పాత గుళ్లు, శతాబ్దాలుగా జనం మసలిన చోటు. సాగర్ నీళ్లు తగ్గినప్పుడు బయటపడే బురద ఇంకా ప్రమాదం, ఏలేశ్వరం, నాగార్జునకొండ లోయలోని పురాతన స్థలాలు ఆ నీళ్ల కిందే ఉన్నాయి. పానగల్లు ఉదయసముద్రం చెరువు కందూరు చోళుల నాటిది, పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. అలాంటి చోట శిఖం కదా అని దిగితే ఎలా? మీ ఊరి చిన్న కుంట వేరు, పానగల్లు చెరువు వేరు.

పాత నాణెం చేత్తో పట్టుకుని చూడాలన్న కోరిక నిజంగా ఉంటే పానగల్లు మ్యూజియం నల్లగొండకు పక్కనే ఉంది, పాలమూరు వాళ్లకు పిల్లలమర్రిలో ఉంది. చేత్తో పట్టుకోనివ్వరు, అది ఒప్పుకుంటా.

లెస్టర్_పాలమూరోడు:

మాది జడ్చర్ల, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నా. అన్నా, నువ్వు చూసిన వీడియోల్లో చూపించని ముక్క ఒకటి ఉంది. ఇక్కడ కూడా ఎవడూ పబ్లిక్ జాగా కదా అని ఊరికే తిప్పడు. వాళ్లు తిరిగే పచ్చిక మైదానాలన్నీ ఎవరో ఒక రైతువే, ముందే అడిగి, దొరికితే చెరి సగం అని కాగితం రాసుకుని వస్తారు. పార్కుల్లో కౌన్సిల్ ఒప్పుకోవాలి. రక్షిత స్థలంలో డిటెక్టర్ ఆన్ చేయడమే నేరం, తవ్వక్కర్లేదు. బంగారం, వెండి పాతవి దొరికితే 1996 చట్టం ప్రకారం 14 రోజుల్లో కరోనర్‌కు (ఇలాంటివి విచారించే అధికారి) చెప్పాలి. తేడా ఎక్కడంటే, దొరికిన చిన్నా చితకా కూడా తీసుకెళ్లి చూపిస్తే ఫొటో తీసి, ఎక్కడ దొరికిందో రాసుకుని తిరిగి ఇచ్చే మనుషులు ప్రతి జిల్లాకూ ఉన్నారు. మన దగ్గర అలాంటి మనిషి ఉంటే ఈ హాబీకి ఒక దారి ఉండేదేమో. లేడు కాబట్టి దాచుకునేవాడు దాచుకుంటాడు, భయపడేవాడు పారేస్తాడు.

పక్కనే ఐర్లండ్‌లో అయితే పాత వస్తువుల కోసం డిటెక్టర్ వాడాలంటే సర్కారు అనుమతి ఉండాల్సిందే. కాబట్టి మన చట్టాన్ని ఒక్కదాన్నే తిట్టుకోవాల్సిన పని లేదు.

దేవరకొండ_బుల్లెట్:

చూశావా తమ్మీ, ఇంగ్లండ్‌లో కూడా ముందు రైతును అడగాల్సిందేనంట. మిషన్ ఓఎల్ఎక్స్‌లో పెట్టెయ్.

కల్వకుర్తి_అక్క:

అమ్మేయడం ఎందుకు? దానితో మంచి పని ఉంది, నేను చూశాను.

మాది పల్లికాయ చేను, ఎర్ర చెల్క. కాయ పీకే రోజుల్లో మా తోటికోడలి చెవి కమ్మ చేనులో పడిపోయింది. ఇంటికొచ్చి మొహం కడుక్కునేదాకా చూసుకోలేదు. కూలీలంతా కలిసి సాళ్లన్నీ దువ్వినట్టు వెతికారు, దొరకలేదు. మా తమ్ముడి దోస్తు ఒకతను ఇలాంటి మిషన్ తెచ్చాడు. తెచ్చీ తేగానే ఆన్ చేస్తే చేనంతా ఒకటే మోత, ఎక్కడ పెట్టినా బీప్. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువట. అతను ఒక ఖాళీ చోట కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ మిషన్‌ను ఆ మట్టికి సరిచేశాక గానీ నోరు మూయలేదు. బోరు స్టార్టర్ డబ్బా దగ్గరకు వెళ్తే మళ్లీ గోల, కరెంటు ఆపితే సర్దుకుంది.

ఇంకో విషయం అతను చెప్పాడు, నీకు పనికొస్తుంది. ఇనుము వద్దు అని సెట్ చేస్తే మేకులు, బోల్టులు మోగవు గానీ, దాంతోపాటు స్టీలు రూపాయి బిళ్లలు కూడా మోగవట, వాటికి అయస్కాంతం అంటుకుంటుంది కదా. చిన్న బంగారం ముక్కేమో గుట్కా ప్యాకెట్ రేకు మోగినట్టే మోగుతుంది, రెండింటికీ తేడా పట్టడం కష్టం. అందుకని మోగిన ప్రతి చోటా ఆగాల్సిందే. ఏమేం వచ్చాయంటావ్, గుట్కా కాగితాలు, బీరు సీసా మూతలు, ఎవరిదో సున్నం డబ్బీ, మాత్రల రేకులు. చివరికి గట్టు వారన కట్టిన పల్లికట్టె కుప్ప కింద ఒక మట్టిపెళ్ల దగ్గర మోగింది. పెళ్ల చేత్తో చిదిపితే కమ్మ అందులో ఉంది, శీల మాత్రం లేదు. మా తోటికోడలు అక్కడే కూలబడి ఏడ్చింది. పలుగూ పారా ఏమీ అక్కర్లేదు, అంతా పైన జానెడు మట్టిలోనే.

మూసీ_గట్టు:

అక్కా, ఇది బాగుంది. అందరికీ థ్యాంక్స్, శిఖం, వాడపల్లి, చెర్వుగట్టు మూడూ లిస్టులో నుంచి కొట్టేశా. పాటిగడ్డ జోలికి కూడా వెళ్లను మాస్టారూ. పహాణీ సార్, చివరిగా ఒక్కటి. మా సొంత పట్టా భూమిలో, లేదా హెడ్‌మాస్టర్ ఒప్పుకుంటే స్కూల్ గ్రౌండ్‌లో తిప్పొచ్చా? మిషన్ అలవాటు కావాలి కదా.

పహాణీ_పాతకాపు:

మీ పట్టా భూమిలో, పక్కన పాత గుడి, కోట, దిబ్బ లాంటివి లేకపోతే, పైపైన వెతుక్కోండి. ఎవరూ ఏమీ అనరు. పది రూపాయల నిబంధన మాత్రం సొంత భూమికీ వర్తిస్తుంది. స్కూల్ గ్రౌండ్‌కు హెడ్‌మాస్టర్ నోటి మాట చాలదు, కాగితం మీద రాయించుకోండి. మీ పేరు, ఫోన్ నంబర్, ఏ రోజు, ఏ టైంలో, దేనికోసం, తవ్విన చోటు పూడ్చేస్తానని. ఒక కాపీ పంచాయతీలో, ఒకటి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. అది తవ్వకానికి లైసెన్సు కాదు, పాతవి ఏవైనా కంటపడితే ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు, అక్కడే ఆపేసి తహసీల్దార్‌కు చెప్పాలి. ఆ కాగితం ఎందుకంటే, ఎవరో వంద నంబర్‌కు ఫోన్ చేసినప్పుడు కానిస్టేబుల్‌కు చూపించడానికి. బుల్లెట్ గారు చెప్పింది నవ్వులాటగా తీసుకోకండి, ఊరికి ముందే తెలిసి ఉండడం చాలా అవసరం. పిల్లలు గ్రౌండ్‌లో ఉన్నప్పుడే పొద్దున పూట వెళ్లండి, వాళ్లే ఊరంతా చెప్పేస్తారు.

కల్వకుర్తి_అక్క:

తమ్ముడూ, అలవాటు కావాలంటే మా దగ్గరికే రా. నిరుడు చేను దున్నించినప్పుడు పైపులైన్ ఇనుప వాల్వు మట్టిలో పూడిపోయింది, ఎక్కడుందో మా ఆయనకు గుర్తులేదు, అందాజాగా గుంతలు తవ్వించి కూలీ దండగ అవుతోంది. పట్టా మా పేరు మీదే, సర్కారు భూముల రికార్డుల సైట్ భూభారతిలో చూసుకో. ఇనుము వద్దు అనే సెట్టింగ్ మాత్రం తీసేసి తీసుకురా. భోజనం మా ఇంట్లోనే.